సాధువు వెనక నిలబడ్డ మనిషి

ఇల్లందులో విలేకరిగా ఉన్నప్పుడు మా పక్క వాటాలో ఒక తమిళ ముసలమ్మ ఉండేది. పెళ్లయ్యాక, బొగ్గుబాయిలో పనిచేసే భర్త వెంట వచ్చి ఇక్కడే ముసలిదైంది. మాటలో తమిళం వాసన ఎప్పుడో పోయింది. పోయిన పెద్దలకు అన్నం పెట్టే పెత్రమాస నాడు చుట్టుపక్కల వాళ్లు వాళ్ల ఫోటోలకు బొట్లు పెట్టి విస్తళ్లు వేసేవారు. ఆమె మాత్రం తండ్రిని తలుచుకుని ఖాళీ పీట ముందు విస్తరి వేసేది. ఆయన ఆమె చిన్నతనంలోనే పోయాడు. ఫోటో లేదు.

కానీ ఆయన ఒక సినిమాలో ఉన్నాడని తల్లి చెప్పేదట. తమిళ బొమ్మకు మాటలొచ్చిన కొత్తలో తీసిన ఒక సాధువు కథ అది. భజన పాటలో, సాధువు వెనక తాళాలు కొట్టేవాళ్లలో ఆయనొకడు.

"ముఖం యాదికి లేదు సారూ," అనేది నాతో. "ఎడమచెయ్యి వాటం. అదొక్కటి యాదికుంది."

ఆమె కొడుకు ఏదో పెళ్లికని చెన్నై వెళ్లి, ఫుట్‌పాత్ మీద ఆ సినిమా సీడీ దొరికితే తెచ్చాడు. ఇంట్లో ప్లేయర్ లేదు. కేబుల్ ఆపరేటర్‌కు ఇచ్చి లోకల్ ఛానల్‌లో వేయమన్నాడు. ఆదివారం మధ్యాహ్నం మా వరసంతా టీవీ ముందు కూర్చుంది. సాధువు పుట్టాడు, పెరిగాడు, ఇల్లు విడిచాడు, దేవుడిలో కలిసిపోయాడు. పాట ఒక్కటీ రాలేదు. పాత సినిమా వేస్తే పాటలు దాటించి, ఆ జాగాలో చీరల దుకాణం ప్రకటనలు వేయడం ఆపరేటర్ అలవాటు. అంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మర్నాడు ముసలమ్మ అతని గది మెట్లెక్కింది. తోడు నేను వెళ్లాను.

"పాటలు ఏడ పోయినయ్ బిడ్డా?"

"గన్ని పాటలు ఎవలు చూస్తరవ్వా? జనం తిడ్తరు."

"మా నాయిన పాటలనే ఉన్నడు. నువ్వు ఎత్తి అవతల పారేసినవ్."

 అతను సీడీ వెతికి తీశాడు. "గిట్లని ముందు చెప్పొద్దా? ఇప్పుడే పెడ్త. ఆయన కనవడంగనే ఆపి ఫోటో కొట్టిస్త. గోడకు పెట్టుకో."

"ఆపితే ఏ చేత్తోని కొడ్తుండో ఎట్ల తెలుస్తది? ఆడాలె. ఇప్పుడొద్దు. పోయినోళ్లను ఒట్టి చేతులతోని చూడొద్దు. పెత్రమాస రానియ్యి."

పెత్రమాస నాడు ఆపరేటర్ తనే ప్లేయర్ మోసుకొచ్చి బిగించాడు. టీవీ ముందు పీట, పీట ముందు విస్తరి, అందులో అన్నం, పప్పు, గారెలు. సాధువు సినిమా అని విని ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొబ్బరికాయలు పట్టుకొచ్చారు. తెర మీద సాధువు కనిపించినప్పుడల్లా దండం పెడుతున్నారు. ముసలమ్మ పెట్టలేదు.

భజన పాట వచ్చింది. బొమ్మ నిండా గీతలు, వాన పడుతున్నట్టు. రెండో వరసలో తలగుడ్డ చుట్టుకున్న ఒక మనిషి, కుడిచెయ్యి కదపకుండా ఎడమచేత్తో తాళం కొడుతున్నాడు. ముసలమ్మ విస్తరిని ఇంకాస్త ముందుకు జరిపింది. అంతలో సాధువు పరవశంతో ఊగుతూ వచ్చి సరిగ్గా అతని ముందు నిలబడ్డాడు. ఆడవాళ్లు చేతులు జోడించారు.

"జర పక్కకు జరుగు సామీ," అంది ముసలమ్మ, గొంతు పెంచకుండా. "మా నాయిన అన్నం తింటుండు."