తెంపిన కూత

ఆ ఏడు మా బడికి పీఈటీ లేడు. సోషల్ చెప్పే నాకు గొంతు పెద్దదని విజిల్ నా మెడలో వేశారు. కట్టంగూర్ దగ్గరి మా హైస్కూల్లో ఆటల శాఖ అంటే ఆ విజిల్, గాలి సగం దిగిన ఒక వాలీబాల్, నేను.

మా అమ్మాయిల కబడ్డీ జట్టుకు బలమంతా పదో తరగతి పిల్ల ఒకతి. హైవే దాటుతుంటే బండి తగిలి ఆమె మోకాలు విరిగింది. ఆపరేషన్ సర్కారు ఆరోగ్య కార్డు మీద ఉచితంగా అయిపోయింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మోకాలు మళ్లీ వంగాలంటే నార్కట్‌పల్లి దవాఖానకు తిరుగుతూ కసరత్తు చేయించాలి. మానేస్తే కాలు కర్రలా అట్లనే ఉండిపోతుందని డాక్టరు చెప్పాడు. ఆటో కిరాయికి ఏ కార్డూ లేదు. వాళ్ల బాపు మేస్త్రీ దగ్గర కూలీ. బిడ్డను తీసుకుపోయిన రోజు కూలి పోయేది, కిరాయీ పోయేది. అప్పటికే మధ్యమధ్యలో మానేస్తున్నారు.

ప్రార్థన దగ్గర నిలబడి ప్రసంగం చేశాను. పట్నం బళ్లలో పిల్లలు పరుగు తీసి చందాలు పోగుచేస్తారనీ, చుట్టుకు ఇంతని పెద్దలు ఇస్తారనీ, మన దోస్తు కోసం మనమూ ఉరకవచ్చనీ చెప్పాను. చప్పట్లు రాలేదు.

"ఉరికితే పైసలెవలిస్తరు సారూ?" అంది జట్టు కెప్టెన్. "మా నాయిన రోజూ బస్సెంబడి ఉరుకుతడు. ఇంతవరకు ఎవ్వలియ్యలే."

జవాబు కూడా ఆమె దగ్గరే ఉంది.

"కబడ్డీ పెడుదం. పొట్టేలు వస్తది."

మా వైపు కబడ్డీ పోటీలో గెలిచినవాళ్లకు పొట్టేలు ఇవ్వడం ఆనవాయితీ. ఆ రాత్రికే అది కూర అవుతుంది. మా పిల్లల ఆలోచన వేరు. గెలిచి, అంగట్లో అమ్మి, ఆ పైసలు ఆటోకు ఇస్తారు. గొర్ల మంద ఉన్న ఊరి పెద్దాయన దగ్గరికి వాళ్లే పోయారు. నేను వెనక నిలబడ్డాను.

"ఇస్త బిడ్డా" అన్నాడాయన. "గని అల్కటి జట్టుతోని కాదు. పోయినేడు మిమ్ముల ఓడగొట్టినోళ్లను పిలువుండ్రి. ఆట ఆటలెక్క ఉండాలె. లేకుంటే నా పొట్టేలును నేను తోలుకపోత."

మా పిల్లలు సరేనన్నారు. నన్నెవరూ అడగలేదు. స్ఫూర్తినివ్వడం వరకే నా ఉద్యోగమని అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం అవతలి బడి పిల్లలు ట్రాలీ ఆటోలో దిగారు. వాళ్లు మటన్ కోసం వచ్చారు. మా పిల్లలు వాళ్లకు అసలు సంగతి చెప్పలేదు, నామోషీ. జెండా గద్దెకు కట్టేసిన పొట్టేలు, మేం నాటిన మొక్కల్లో బతికిన ఒక్కదాన్ని నములుతూ ఆట చూసింది. ఊరంతా గీత చుట్టూ కూర్చుంది. మొదటి సగం అయ్యేసరికి మేం ఎంత వెనకబడ్డామంటే, పలక మీద పాయింట్లు రాసే పిల్ల మా వైపు చూడటం మానేసింది.

అప్పుడే ఆటో వచ్చింది. కాలు విరిగిన మా పిల్లను వాళ్ల బాపు ఎత్తుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, చాపిన కాలు కింద ఇంకో కుర్చీ వేశాడు. అవతలి కెప్టెన్ నీళ్లు తాగుతూ ఆ కాలు చూసింది. మా పిల్లల్ని ఏదో అడిగింది. పోయి తన వాళ్ల చెవిలో ఏదో చెప్పింది.

రెండో సగంలో వాళ్ల పిల్ల మా వైపు కూతకు వచ్చింది. కబడ్డీ కబడ్డీ అంటూ ఊపిరి తీయకుండా కూయాలి, కూత తెగితే అవుట్. నడిమధ్యలో తెగింది. విజిల్ వేశాను. తర్వాత వచ్చిన పిల్లకూ తెగింది. ఆ తర్వాత వచ్చింది కెప్టెన్. మొదటి సగంలో ఒక్క ఊపిరి మీద నల్లగొండ పోయి వచ్చేట్టు కూసిన పిల్ల, గీత దాటగానే దగ్గింది. పాయింట్లు మాకు దగ్గరపడ్డాయి. నా దగ్గరున్న రూల్స్‌లో జాలి గురించి ఏమీ లేదు. మా పిల్లలు నా ముఖం చూడటం లేదు. నేను పెద్దాయన ముఖం చూడటం లేదు.

ఆయన లేచి పొట్టేలు తాడు విప్పాడు.

"కూత తెగుతలేదు సారూ. తెంపుతున్నరు."

పొట్టేలు గేటు దాకా పోయింది. దానితో పాటే ఆటో కిరాయీ పోతోంది. కూలికి పోయే ఆ తండ్రి తల దించుకుని నిలబడ్డాడు.

"తాతా, జర ఆగు" అంది కుర్చీలోని పిల్ల. తర్వాత అవతలి కెప్టెన్ వైపు తిరిగింది. "నా కాలు జూసి ఓడుతున్నరా? నేను మల్లొచ్చినంక మిమ్ముల ఓడగొడితే, అప్పుడు గూడ కావాల్నని ఓడిండ్రనే అంటరు. గీత మీద ఆడుండ్రి. నా కాలు మీద ఆడకుండ్రి."

"మరి నీ ఆటో?" అంది కెప్టెన్, గొంతు తగ్గించి.

"గది నా ఫికర్."

పెద్దాయన గేటు దగ్గరే నిలబడ్డాడు. పొట్టేలూ నిలబడింది. నేను విజిల్ వేశాను.

ఆ తర్వాత ఆడింది ఆట. మోకాళ్లు దోక్కుపోయాయి, జడలు ఊడాయి. ఆఖరి కూతకు మేం ఒక్క పాయింటు వెనక. మా కెప్టెన్ పోయింది, ఒకతిని తాకింది, గీత మీదికి చెయ్యి చాపింది. నలుగురు మీద పడ్డారు. దుమ్ములో ఆమె కూత సన్నబడి, సన్నబడి, తెగింది. ఈసారి తెంపింది కాదు.

ఓడిపోయాం. చప్పట్లు కొట్టాలో వద్దో ఊరికి తెలియలేదు.

పెద్దాయన తాడు తెచ్చి అవతలి కెప్టెన్ చేతికిచ్చాడు. ఆ పిల్ల తన వాళ్ల దిక్కు చూసింది. మటన్ కోసం వచ్చిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తలూపారు, ఒకతి కొంచెం ఆలస్యంగా.

"తాతా, ఇగ ఇది మాదే గదా?"

"మీదే బిడ్డా."

"అమ్ముతున్నం. కొంటవా?"

పెద్దాయన తను తెచ్చిన పొట్టేలును చుట్టూ తిరిగి చూశాడు. పళ్లు చూశాడు. వీపు తడిమాడు. "జర బక్కగున్నది" అని బేరం మొదలుపెట్టాడు. ఆ పిల్ల తగ్గలేదు. పైసలు చేతిలో పడగానే పోయి కుర్చీలోని పిల్ల ఒళ్లో పెట్టింది.

"ఆటలెక్కనే ఆడినం" అంది. "ఇగ వద్దనకు."

ఆమె వద్దనలేదు. పొద్దున తెచ్చిన పొట్టేలునే తోలుకుంటూ పెద్దాయన ఇంటికి పోయాడు.

బిడ్డను ఆటో ఎక్కించేటప్పుడు నేనూ కాలు పట్టుకున్నాను. ఓదార్పుగా రెండు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా.

"సారూ" అంది ఆ పిల్ల. "ఆఖరికి మా కెప్టెన్ చెయ్యి గీత మీదికి అందింది గదా. మీరు జర వంగి సూడాల్సింది."

వంగే చూశానన్నాను. వేలు మందం దూరం ఉందన్నాను.

"నేనైతే అందుకుందు" అని, ఆటో సీటు మీద కాలును తనే మెల్లగా సర్దుకుంది.