సూరమ్మక్క బ్రేకులకు మచ్చ లేదు

బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర, ఫెర్రీ కోసం నిలిచిన బండ్ల వరుసలో, తన చేపల వ్యాను స్టీరింగు మీదే తల వాల్చి సూరమ్మక్క మనల్ని విడిచి వెళ్లిపోయింది. కబురు అందేసరికి నేను గడ్డం గీసుకుంటున్నాను. సగం గడ్డంతోనే పరుగెత్తాను. ఈ ద్వీపాలలో బ్రేకు శాస్త్రాన్ని అంత క్షుణ్ణంగా ఎరిగిన స్త్రీమూర్తి మరొకరు లేరు. ఆమెకు ఆ విద్యలో అక్షరాభ్యాసం చేయించిన గురువును నేనేనని సాశ్రునయనాలతో, సగర్వంగా మనవి చేస్తున్నాను.

కన్నీళ్లు తరువాత. ముందు ఒక తగవు తేలాలి. సూరమ్మ బండికి బ్రేకులు పోయాయని, ఆ భయంతోనే ఆమె గుండె ఆగిందని జెట్టీలో ఒక అపవాదు తిరుగుతోంది. ఇప్పుడు ఆ వ్యాను నడుపుతున్నది ఆమె కూతురు గౌరి. జెట్టీ ఏటవాలు మీద ఆ బండికి ముందు తమ బండి నిలపడానికి ఎవరూ ఇష్టపడడం లేదు. "దీదీ, మా గాడీలు దాటిపోనీ, నువ్వు తరవాత ఫెర్రీకి రా" అని మర్యాదగా చెబుతున్నారు. ఐసుకు ఆ మర్యాద తెలియదు, కరిగిపోతుంది. అవతలి ఒడ్డున బజారు ఆమె కోసం ఆగదు. ఇలాగే సాగితే గౌరి బండి అమ్ముకోవలసిందే. కనుక ఆ మాట పుట్టించిన నోళ్లన్నిటికీ ఈ నివాళి ఒక సవాలు.

సూరమ్మక్క ప్రాతఃకాల కృత్యం ఎరిగినవారు ఆ బండిని శంకించగలరా? బండి తీయకముందే చెప్పులు విడిచి పెడలు మీద పాదం మోపి అలాగే నొక్కి ఉంచేది. గట్టిగా నిలిస్తే సరే. మెల్లగా కిందికి దిగితే ఎక్కడో ఆయిలు కారుతోందన్నమాట. మెత్తగా ఉండి, పదేపదే తొక్కితే గట్టిపడుతోందా, గొట్టాల్లో గాలి చేరింది. చక్రాల కింద పరిచిన అట్టముక్కల మీద తడి మచ్చ ఉందేమోనని వంగి చూసేది. బజారు నుంచి తిరిగొచ్చాక ఒక్కొక్క చక్రం దగ్గర, తగలకుండా, అరచేయి ఉంచి పిల్లలకు జ్వరం చూసినట్టు చూసేది. ఒకటే కాగుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి వదలడం లేదని అర్థం. "మెకానిక్కు దగ్గరికెళ్లొద్దని నానన్లేదు తమ్మీ. జబ్బేటో తెలుసుకుని ఎల్లు" అనేది.

ఒకసారి బతు బస్తీలో పెళ్లి. చేపలు ఈమె పట్టుకెళ్లాలి. తెల్లారి చూస్తే పెడలు దిగిపోతోంది. పెళ్లికొడుకు బాబాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అరే దీదీ, ఇంత దూరమే కదా. మెల్లగా పోనియ్."

"మెల్లగా పోడానికి బ్రేకక్కర్లేదు బావూ. ఆగడానికే కావాల."

"పెళ్లి ఆగిపోద్ది."

"ఆగనీ. దానికైనా బ్రేకుంది."

బండి గుమ్మం దాటలేదు. చేపలు ఆటోల్లో వెళ్లాయి. ఆ బాబాయి మాత్రం ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. ఆమె దిగులు పడనూ లేదు.

నా కారు ఉదంతం కూడా చెప్పాలి. వానల తరువాత ఒక ఉదయం బ్రేకు తొక్కగానే కర్రుమని భీకర నాదం. కారు చచ్చిందని లబలబలాడాను. ఆమె నాలుగడుగులు నడిపించి, ఆపించి, మళ్లీ నడిపించింది. చప్పుడు పోయింది. "ఉప్పు గాలికి తుప్పు. తొక్కితే రాలిపోద్ది. రాలకుండా కీచుమంటానే ఉంటే అప్పుడేడు" అంది.

ఇక్కడ ఒక సవరణ. పైన నన్ను నేను గురువుగా ప్రతిష్ఠించుకున్నాను. వాస్తవమేమంటే, ఆమె బండి కింద దూరి గొట్టాల్లో గాలి తీసేటప్పుడు పైన కూర్చుని "తొక్కు" అంటే తొక్కేవాణ్ని, "ఒగ్గీ" అంటే వదిలేవాణ్ని. అక్షరాభ్యాసం జరిగిన మాట నిజమే, పలక మాత్రం నాది.

ఏటవాలు మీద నిలిపినప్పుడల్లా ఆమె చక్రం కింద పడౌక్ చెక్క ముక్క పెట్టేది. బ్రేకు మీద నమ్మకం లేదా అని వేళాకోళం చేస్తే, "బ్రేకు బాగానే ఉంది తమ్మీ. తొక్కిన మనిషికి ఏటైనా అయితే?" అంది.

ఇక ఆ అంతిమ ఘడియ. ముందు బండ్లు, వాటికి ముందు సముద్రం. గుండె బిగుసుకుపోతున్న ఆ క్షణాన ఆ వీరనారి తుది శ్వాసతో హ్యాండ్‌బ్రేకు లాగింది. ఆమె తల వాలి మోగిన హారను విని దూరాన ఉన్నవారు బ్రేకులు పోయాయనుకున్నారు. ఊపిరి ఆగకముందే బండి ఆగింది. ఆ పాదస్పర్శ ఇక ఏ పెడలుకూ లేదు. ఆ పాదాలకు నా వందనం.

అచ్చుకిచ్చే ముందు గౌరికి చదివి వినిపించాను. చక్రాల కింద అట్టముక్కలు చూసుకుంటూ వింది. నా వాక్యాలు కొట్టేయడానికి నాకు చేయి రాలేదు గనుక ఆమె మాటలే కింద పెడుతున్నాను.

"మావా, తుది స్వాసేటి? అమ్మ వరసలోకి రాగానే హ్యాండ్‌బ్రేకు లాగీసింది, ఇంజను ఆపీసింది, దిగి చెక్క పెట్టీసి మళ్లీ ఎక్కి కూకుంది. ఆ తరవాతే పోయింది. చెక్క తీసింది నానే. నువ్వు ఊపిరాగక ముందు బండి ఆగిందని రాస్తే, అంటే అప్పటిదాకా జారిందన్నమాటేనని ఆళ్లే అంటారు. బండి కదల్నేదు. అదే రాయి."