రాయకుండా వదిలేసిన తమ్ముడి మాట

2003. కాశీబుగ్గలో పేరున్న ఒక నవలా రచయితకు నేను సెక్రటరీగా పనిచేస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. జీడిపప్పు పొట్టు తీసే పనిలో ఉండేదాన్ని. వయోజన విద్యా కేంద్రంలో నేర్చుకున్న చదువుతో ఆ ఉద్యోగం దొరకడం మా ఉద్దానం ఊరందరికీ వింత.

నేను మాస్టారూ అని పిలిచే ఆ రచయితకు షుగరు వల్ల చూపు పోయింది. ఆయన చెబుతుంటే రాసుకోవడం డిక్టేషన్. దాన్ని శుభ్రంగా తిరగరాస్తే ఫెయిర్ కాపీ. ఆయనకు జ్ఞాపకం కూడా ఒక పూట ఉండి ఒక పూట ఉండేది కాదు. బాగున్న పూట చెప్పింది అప్పుడే పట్టుకోవాలి.

నా చెయ్యి నిదానం. వెనకబడితే ఖాళీ వదిలి, తర్వాత గుర్తున్నంత నింపేసేదాన్ని. ఆయనకది తెలియదు.

"మా పార్వతి చెయ్యి మెయిలు బండి. పలాస స్టేషన్లో కూడా ఆగదు" అని వచ్చినవాళ్లతో చెప్పి నవ్వేవారు. ఆ పేరు పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది.

ఒక ఉదయం తమ్ముడి గురించి మొదలుపెట్టారు. కిడ్నీ జబ్బుతో పోయిన తమ్ముడు. అతని ఆఖరి రోజు కోసమే ఈ నవల అనేవారు. ఆ వేళ ఎక్కడా తడుముకోలేదు. తమ్ముడు తన చెయ్యి పట్టుకుని అన్న మాట చెప్పేటప్పటికి నేనింకా ముందు వాక్యం దగ్గరే ఉన్నాను. ఆ మాట నాకందలేదు.

"రాసీసినావేటి?"

"రాసీసినాను మాస్టారూ."

ఆ ఖాళీలో 'తమ్ముడు ఏడ్చాడు' అని రాశాను. సాయంత్రం చదివి వినిపిస్తుంటే ఆయన చెయ్యెత్తారు.

"ఆడు ఏడవనేదే. ఏదో మాటన్నాడు. పొద్దున్న సెప్పినాను కదా, ఏటది?"

"ఏడిసినాడనే సెప్పినారు మాస్టారూ."

"నిజమేనా?"

"నిజమే."

"అయితే కళ్లతోపాటు బుర్ర కూడా పోనాదన్నమాట" అన్నారు.

మర్నాటి నుంచి ప్రతి పేరాకీ "ఇది నానన్నదేనా?" అని అడిగేవారు. కొన్నాళ్లకి డిక్టేషన్ మానేశారు. తప్పు నాదని చెప్పడానికి ఎన్నో పూటలు దొరికాయి. చెప్పలేదు. ఆయన పోయారు. నవల సగంలో ఆగిపోయింది.

తర్వాత నా కథలూ అచ్చయ్యాయి. ఇప్పుడు కిడ్నీలు పాడై డయాలసిస్‌కు వెళ్లే మా ఊరివాళ్లు చెప్పేవి రాసుకుంటున్నాను. వెనకబడితే, "ఉండమ్మా, నాకందనేదు. మళ్లీ సెప్పు" అంటాను. ఇంతవరకూ ఎవరూ నవ్వలేదు. ఓపిక లేనివాళ్లు కూడా మళ్లీ చెబుతారు. ఆ పొద్దుట నేనడిగుంటే మాస్టారూ చెప్పేవారు.