గేదెలు రోడ్డు దాటే చోటు

ఎనభైల మొదట్లో నేను నందిగామకూ జగ్గయ్యపేటకూ మధ్య, హైదరాబాదు రోడ్డును ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో టీచరుగా పనిచేశాను. రోడ్డుకు ఒక పక్క ఊరు, రెండో పక్క మిరప చేలు, పశువుల బీడు. రోడ్డు వెడల్పు చేస్తారని చాలాకాలంగా వింటున్నాం. ఒకరోజు రోడ్ల శాఖ ఇంజనీరు ఒకాయన జీపు దిగి, ఊరివాళ్లను మా బడి వరండాలోకి పిలిపించాడు. ఆయనది మద్రాసు వైపు. తెలుగు మాట అందనప్పుడల్లా నావైపు చూస్తే, ఇంగ్లీషులో అందించేదాన్ని.

ఏవో కొలతలు చెప్పి వెళ్లిపోతాడనుకున్నాం. ఆయనేమో అడగడం మొదలుపెట్టాడు.

"మీరు రోడ్డు ఎక్కడ దాటుతారు?"

"ఎక్కడ పడితే అక్కడేనండి," అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు.

"పశువులు?"

"వాటినే అడగాలండి," అన్నారెవరో. అందరూ నవ్వారు.

బస్సుస్టాపు మాట వచ్చేసరికి నవ్వులు పోయాయి. టీ కొట్టు సాయిబు తన కొట్టు ముందే ఉండాలన్నాడు. "మా ఆడపిల్లలు అంత దూరం నడవాలా?" అని తూర్పు బజారువాళ్లు లేచారు. గొంతులు పెరిగాయి. ఏది ఇంగ్లీషులో చెప్పాలో నాకు తోచలేదు.

"తిట్లు వదిలేయండి టీచర్ గారూ, మిగతాది చెప్పండి," అన్నాడు ఇంజనీరు.

ఆయన జీపెక్కేముందు ఉండబట్టలేక అడిగాను. "ప్లాను అయిపోయిందిగదండి, మళ్లీ ఇదంతా ఎందుకు?"

"రోడ్డు మారదు. దాని కింది కల్వర్టు, బస్సుస్టాపు మారచ్చు. పైవాళ్లు వింటారా అంటే, నాకూ తెలీదు."

మర్నాడు పొద్దున్నే వచ్చి పాత కల్వర్టు గట్టు మీద కూర్చున్నాడు. ఏం చేస్తాడో చూద్దామని నేనూ వెళ్లాను. నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారు గేదెల్ని రోడ్డు మీదుగా తోలుకొచ్చింది.

"కల్వర్టు కింద నుంచి తోలరా అమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"ఒకసారి పైన స్లాబుకు కొమ్ము తగిలిందా, ఇక ఆ దారి తొక్కవు బాబూ."

ఆయన గేదె పక్కన నిలబడి కొమ్ముల ఎత్తు చేత్తో చూసుకున్నాడు. "ఏమ్మాయ్, కొంటాడా ఏంటి?" అంది పిన్నిగారు నా చెవిలో.

మరుసటేడు పని జరిగింది. కల్వర్టు ఎత్తుగానే కట్టారు. స్టాపు మాత్రం ఎవరూ అడగని మలుపు దగ్గర వెలిసింది. జనం సాయిబు కొట్టు ముందే చెయ్యెత్తేవాళ్లు, డ్రైవర్లు ఆపేవాళ్లు.

పని ముగిశాక ఇంజనీరు మళ్లీ వచ్చాడు. అలా వస్తాడని ఎవరం అనుకోలేదు. టీ తాగుతూ స్టాపు వైపు చూసి, "అక్కడ ఎవరూ నిలబడరేం?" అన్నాడు.

"అక్కడ టీ లేదుగదండి," అన్నాడు సాయిబు.

"మేం చెప్పినవి రాశారా?" అని అడిగాను.

"రెండు చోట్లూ రాశాను. తగవెందుకని పైవాళ్లు మూడోది చూశారు," అని నవ్వాడు. "మరి గేదెలు?"

"మొదట్లో మొరాయించాయి బాబూ. ఇప్పుడు ఎండకి ఆ నీడ వదిలి రావట్లేదు," అంది గేదెల కోసం అటు వచ్చిన పిన్నిగారు.

చూడాలన్నాడు. ముగ్గురం గట్టు దిగాం. పెద్ద గేదె కల్వర్టు కింద అడ్డంగా పడుకుని ఉంది. పైన లారీ పోతుంటే స్లాబు సన్నగా అదిరింది. ఆయన తల పైకెత్తి విన్నాడు. గేదె నెమరు వేస్తూనే ఉంది.