మూడు డబ్బాల కొట్టూ, మా పిన్ని కొలతా

నా చిన్నప్పుడు మా విశాఖపట్నంలో ఆడవాళ్ళ బాడీలకు మూడే సైజులు. ఇప్పుడు మీరు బ్రా అంటున్న దాన్నే అప్పట్లో బాడీ అనేవాళ్ళం, అది కూడా గొంతు తగ్గించి. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక బట్టల కొట్టుండేది. కొట్టాయన తల వెనక అరలో మూడు అట్టడబ్బాలుండేవి. మొదటిది పెళ్ళి కానివాళ్ళకి, రెండోది పిల్లల తల్లులకి, మూడోది అత్తగార్లకి. కొత్తగా పెళ్ళయినవాళ్ళు వస్తే మొదటి డబ్బాలోంచే తీసిచ్చి, "ఏడాది పోయాక రామ్మా, అప్పుడు రెండోది ఇత్తాను" అని దీవించి పంపేవాడు.

నేను ఏ సంగతైనా కాస్త పెంచి చెబుతానని మా ఇంట్లో పేరు. ఈ డబ్బాల సంగతి మాత్రం ఒక్క అంగుళం పెంచలేదు. పెంచడానికి ఆ మహానుభావుడు నాకేం మిగిల్చాడు గనక?

ఆయన మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది. దాంతో పరదా గుడ్డ కొలిచేవాడు, దిండు గలీబులు కొలిచేవాడు. మగవాళ్ళు బనీను కోసం వస్తే ఆ మర్యాద చూడాలి. బనీను విప్పి, దులిపి, నాలుగువైపులా సాగదీసి చూపించి, "చొక్కా మీదే తొడిగి సూసుకోండి బాబూ" అని అద్దం ముందు నిలబెట్టేవాడు. హార్బరు కళాసీలు వీధిలో పోయేవాళ్ళందరి ఎదుటా బనీన్లు తొడుక్కుని, చేతులు ఊపుకుని, చంక దగ్గర పట్టేస్తోందని మూడు మార్పించుకుని పోయేవారు. అదే ఆడమనిషి వస్తే ఆయన కళ్ళు పైకప్పుకి అతుక్కునేవి. పెళ్ళయిందా, పిల్లలెందరు అని రెండే ప్రశ్నలు. తర్వాత డబ్బాలోకి చెయ్యి పోయేది, వస్తువు పాత పేపర్లో చుట్టుకునేది, పైన పురికొస ముడి పడేది. ఆ ముడి కొట్లో విప్పకూడదు. ఇంట్లో విప్పాక వెనక్కి తేకూడదు. దొంగసరుకు కూడా అంత జాగ్రత్తగా చేతులు మారదు.

ఇక మా పిన్ని. మా అమ్మకి చెల్లెలు, పెందుర్తి అవతల పల్లెటూరి పిల్ల. పొలంలో పనిచేసిన భుజాలు, బావిలో చేద లాగిన చేతులు. ఇరవయ్యారేళ్ళు వచ్చినా పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా, చదువుకుని, పట్నంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరింది. వన్ టౌన్‌లో మా రెండు గదుల వాటాలోనే ఉండేది. అప్పటికి స్టీలు ప్లాంటుకి పునాదిరాయి పడిందే గానీ ఊరికి ఆ హడావుడి ఇంకా రాలేదు. ఆడపిల్లకి ఉద్యోగం దొరకడమంటే ఓడ దొరికినంత పని.

ఆ ఉద్యోగంలో కూర్చునే ఉన్నా ఒళ్ళు హూనమయ్యేది. ఎదురుగా చిల్లులున్న పెద్ద బోర్డు. ఫోను వచ్చినప్పుడల్లా "నంబర్ ప్లీజ్" అని, చెయ్యి ఎత్తి, తీగ లాగి పై వరస చిల్లులో గుచ్చాలి. పూటంతా ఎత్తుతూనే ఉండాలి. పెళ్ళి కాని మనిషి గనక మా పిన్నికి మొదటి డబ్బా. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ పట్టీ భుజంలోకి దిగేది, కింది అంచు పైకి పాకేది. ఆమె చెయ్యి దించి, పమిట చాటున సర్దుకుని, మళ్ళీ ఎత్తేసరికి అవతలివాడు పోర్టు నుంచి బండబూతులు తిట్టి పెట్టేసేవాడు. ఒకసారి వెనక హుక్కు తెగి, కిటికీలోంచి ఎగిరిపోయి, హార్బర్లో లంగరేసిన ఓడకి తగిలిందనీ, ఓడవాళ్ళు భయపడి కూత వేశారనీ మా పిన్ని ప్రమాణం చేసి చెప్పేది. నాకీ పెంచి చెప్పే గుణం ఎక్కడినుంచి వచ్చిందో మీకిప్పుడు తెలిసి ఉంటుంది.

నవ్వుతూ చెప్పేది గానీ, పనితనం చూడ్డానికి పెట్టిన ఆర్నెల్ల గడువు నెలాఖరుకి అయిపోతోంది. చెయ్యి ఇంత నిదానమైతే ఉద్యోగం ఖాయం కాదని ఆపరేటర్ల మీద అజమాయిషీ చేసే ఆవిడ తేల్చి చెప్పేసింది. ఉద్యోగం పోతే మళ్ళీ ఊరు, మళ్ళీ పెళ్ళిచూపులు. సాయంత్రం మా అమ్మ ఆ భుజాల మీద ఎర్రటి గాట్లకి కొబ్బరినూనె, పసుపు రాస్తూ, "ఒలే, ఆడదన్నాక సర్దుకోవాలే" అనేది. మా అమ్మని ఏమనను? ఆవిడ పాతికేళ్ళుగా సర్దుకున్న మనిషి. ఉతికిన బాడీని తీగ మీద తువ్వాలు కింద దాచి ఆరేసేది. అది ఎన్నడూ పూర్తిగా ఆరేది కాదు, పైగా రేవు నుంచి వచ్చే ఇనపఖనిజం ఎర్రదుమ్మంతా దానికే పట్టేది.

ఒక ఆదివారం పిన్ని పక్కింటి అక్క మెట్టెలు పెట్టుకుంది, ఆ అక్క చంటివాణ్ణి చంకనేసుకుంది, తొమ్మిదేళ్ళ నన్ను చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది. దారిలో నాకు పాఠం చెప్పింది. "ఒలే గుంటా, కొట్లో నన్ను అమ్మా అనాల. పిన్నీ అన్నావంటే సోడా కొనను."

నేను కొట్టు గడప ఎక్కీ ఎక్కకముందే పదిసార్లు అమ్మా అన్నాను. కొట్టాయన మెట్టెలు చూశాడు, చంటివాణ్ణి చూశాడు, ఆమె కేసి చూడకుండా రెండో డబ్బాలోంచి తీసి ముడివేసి ఇచ్చాడు. నేను సోడా తాగాను. ఇంటికొచ్చి విప్పితే అది సంచి. అందులో మా పిన్నితోపాటు చంటివాడు కూడా పట్టేలా ఉంది. మర్నాడు పని నుంచి వచ్చేసరికి ఆమె మొహం చూడలేకపోయాను. చెయ్యి ఎత్తితే మొత్తం జారిపోయిందట. గడువు ఇక ఐదు రోజులు.

వెనక్కి తీసుకెళ్ళింది. మెట్టెలూ లేవు, చంటివాడూ లేడు. నేను మాత్రం ఉన్నాను. "ఇది వదులు, అది బిగువు. ఆ టేపు ఇలాగివ్వండి బాబూ, నానే కొలుసుకుంటాను" అంది.

కొట్టాయన ఆమె ఉత్త కాలివేళ్ళు చూసి చెంపలేసుకున్నాడు. "పెళ్ళి కాలేదేటి? మరి అబద్ధమాడి పట్టుకుపోనావా? పెళ్ళి కాని పిల్లకి పెద్ద సైజు ఇత్తే రేపు మీవోలు నన్నే అంటారమ్మా. మొదటి డబ్బాదే వాడు. వాడితే సాగుద్ది."

"ఆర్నెల్లు వాడినాను. అది సాగనేదు, నా భుజమే తెగింది."

"సర్దుకోవాలమ్మా. మా కొట్లో ఇన్నేళ్ళుగా ఏ ఆడమనిసీ ఇలాగ అడగనేదు." ఆ మాట ఆయన గొప్పగా అన్నాడు. ఒక్కరూ నోరు విప్పకపోవడం తన వ్యాపారానికి దక్కిన బిరుదనుకున్నాడు పాపం.

పిన్ని నా చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది. మెట్టు మీద కూర్చుని నా చెవిలో ఒక పని చెప్పింది. ఆ కొట్టు లోపలంతా పరుపులు, తెల్లదుప్పట్లు. యజమానితో సహా అందరూ చెప్పులు మెట్టు కింద విడవాల్సిందే. కొట్టాయనవి కిర్రుకిర్రుమనే తోలుచెప్పులు. అవి చప్పుడు చెయ్యకుండా మా బియ్యం సంచిలోకి వెళ్ళిపోయాయి. మా పిన్ని నా చెప్పుల్ని కింద పడి ఉన్న పేపరు ముక్కలో చుట్టి, పురికొస కట్టింది.

ఒంటిగంటకి కొట్టాయన భార్య కేరియరు పట్టుకుని వచ్చింది. చెయ్యి కడుక్కోవాలంటే సందు దాటి కుళాయి దగ్గరికి పోవాలి. మధ్యలో చేపలబుట్టలు దించిన బురద, దాని పక్కన కాలిపోతున్న రోడ్డు. ఆయన మెట్టు దిగి వెతికాడు. వంగి వెతికాడు. మా పిన్ని లేచి, కళ్ళు పైకెత్తి ఆకాశం కేసి చూస్తూ అడిగింది.

"సెప్పులు కావాలా బాబూ? పెళ్ళయిందా?"

"ఏటీ?"

"పిల్లలెందరు?"

"ముగ్గురు. ఐతే ఏటంట?"

"ముగ్గురు పిల్లల తండ్రికి ఇదే సైజు" అని పొట్లం చేతిలో పెట్టింది. ఆయన విప్పాడు. నా చెప్పులు, పూసలు కుట్టినవి. వాటిలో ఆయన బొటనవేలు తప్ప ఇంకేమీ పట్టదు. "ఇప్పేసేరు కదా, మరి ఎనక్కి తీసుకోను. వాడండి, సాగుద్ది."

బనీన్లు బేరమాడుతున్న కళాసీలిద్దరు పడిపడి నవ్వారు. "ఏసుకో బావా, సర్దుకోవాల మరి!" అని ఒకడు. కొట్టాయన మొహం కందగడ్డైంది. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. వాళ్ళకేమని చెబుతాడో అది మాత్రం చెప్పలేదు.

అప్పుడు అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా ఆయన భార్య నవ్వింది. నవ్వి నవ్వి, కేరియరు దించి, భర్త మెడలోంచి టేపు లాగేసుకుంది. "పన్నెండేళ్ళుగా నాకూ ఆ రెండో డబ్బాయే ఇత్తన్నారండీ ఈయన. సాగుద్దన్నారు. అది సాగనేదు, నానే అరిగిపోనాను. రామ్మా, లోపలికి రా."

మూడు డబ్బాలూ తెల్లదుప్పటి మీద ఒంపేసింది. ఒక్కొక్కదానికీ లోపల చిన్న గుడ్డముక్క, దాని మీద నంబరు. అంటే కుట్టినవాళ్ళెవరో, ఏ ఊళ్ళోనో, అన్ని రకాలుగా కొలిచి, నంబరేసి పంపారు. ఈయన అన్నీ కలిపి మూడు కుప్పలు పోశాడు. ఎందుకలా చేశారని భార్య అడిగితే, "నంబర్లు సూడ్డం నాకు సిగ్గు కాదేటే" అన్నాడు. పరదాలు కొలిచినప్పుడు లేని సిగ్గు! ఆ సిగ్గు బరువంతా ఊళ్ళో ఆడవాళ్ళ భుజాలు మోశాయి.

బనీన్ల మూటల వెనక ఆవిడ మా పిన్నికి కొలత తీసింది. కాసేపటికి పిన్ని బయటికి వచ్చి, కొట్టు మధ్యలో నిలబడి, కుడిచెయ్యి ఎత్తింది. దించింది. ఎత్తింది. లేని బోర్డులో లేని తీగ గుచ్చింది. పదిసార్లు ఎత్తినా పమిట చాటుకి ఎడమచెయ్యి పోలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊరందరినీ రోజంతా నంబరడిగే మనిషిని, నీ నంబరెంతమ్మా అని అంతవరకూ అడిగినవాళ్ళు లేరు. ఆ నంబరు ఇక్కడ రాయను. అది మా పిన్నిది.

రెండు తీసుకుంది. కొట్టాయన చెప్పులు తిరిగి మెట్టు కింద పెట్టించింది. ఆయన వాటిలో కాళ్ళు దూర్చి వదిలిన నిట్టూర్పు నాకింకా వినిపిస్తూనే ఉంది. కాలికి సరిపోయిన చెప్పు ఎంత హాయో ఆ మనిషికి బాగా తెలుసు. తెలిసినవాడే గనక ఆయన మీద నాకు ఇప్పటికీ జాలి కలగదు.

నెలాఖరు పరీక్షలో మా పిన్ని చెయ్యి ఎంత జోరుగా ఆడిందంటే, ఊళ్ళో ఫోన్లు మోగకముందే కలిపేసిందట. ఇది ఆవిడ లెక్క, నాది కాదు. ఉద్యోగం మాత్రం నిజంగానే ఖాయమైంది. మర్నాడు పొద్దున్నే ఒకటి ఉతికి, తువ్వాలు కప్పకుండా, ఎండ తగిలేచోట ఆరేసింది. మా అమ్మ తువ్వాలు పట్టుకొచ్చి, కప్పకుండానే తిరిగి తీసుకుపోయింది. మరుసటి ఆదివారం చీర మార్చుకుని, "ఆ కొట్టాయన పెళ్ళాం ఏ వేళకి వత్తాదే?" అని చెల్లెల్ని అడిగింది.

ఆ తర్వాత ఈ ఊళ్ళో నాకు చాలా కొట్లు, చాలా ఆఫీసులు ఎదురయ్యాయి. నేనేం అడుగుతున్నానో వినకుండా, నా కేసి చూడకుండా, పెళ్ళయిందా, పిల్లలెందరు అని మొదలుపెట్టి నాకేది సరిపోతుందో తేల్చేసే పెద్దమనుషులకి ఇప్పటికీ కొదవ లేదు. నేను వాళ్ళతో వాదించను. వినయంగా తల వంచి, వాళ్ళ చెప్పుల సైజు ఎంతుంటుందా అని చూస్తాను.