హారతి లోపలికి రాదు

మిర్యాలగూడ సాగర్ రోడ్డులో యమున బ్యాటరీ షాపుకు వెళ్ళినవాళ్ళకు ముందు తిట్లు, తర్వాతే ఛార్జింగ్. ట్రాక్టర్ బ్యాటరీలో బోరు నీళ్ళు పోసి తెచ్చినవాడిని అందరి ముందే కడిగి పారేసేది.

“మన బోరు నీళ్ళు తాగి మన పండ్లే గార పట్టినయ్. గా నీళ్ళు దీంట్ల పోస్తే లోపలి ప్లేట్లు బతుకుతయా? డిస్టిల్ వాటర్ కొనచాతగాదా?”

తొందరగా కావాలి, కరెంటు ఎక్కువ పెట్టమన్నా అంతే. “ఎక్కువ పెడితే ఎసరు మసిలినట్టు మసులుతది. నీళ్ళన్ని గ్యాసై పోతయ్. రేపు రా, పో.”

దామరచర్ల దగ్గరి తండా పిల్ల ఆమె. పని నేర్చుకుంది సూర్యాపేటలో మేనమామ ఫకీరా దగ్గర. ఫకీరాకు ఎడమ కన్ను లేదు. ఒకసారి కరెంటు పోయినప్పుడు ఎవడో గిరాకీ, నీళ్ళు ఎంతున్నాయో చూద్దామని బ్యాటరీ మూత తీసి అగ్గిపుల్ల గీశాడు. గ్యాసు అంటుకుని డబ్బా పేలింది. యాసిడ్ ఫకీరా మొహం మీద పడింది. ఆయన్ను ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తింది యమునే.

2012లో కరెంటు కోతల దెబ్బకు ఇంటింటా ఇన్వర్టర్ వెలిసింది. దసరా నాటికి ఆమె బల్ల మీద ఖాళీ లేదు. సాగర్ రోడ్డులో కిరాయికి తీసుకున్న షట్టర్‌లో ఆమెకు అదే మొదటి దసరా. యజమాని మట్టయ్యకు ఒక పట్టింపు ఉంది. తన షట్టర్లలో ఎవరు కిరాయికి ఉన్నా, పండగ పూజ మాత్రం తానే చేస్తాడు.

యమున నీళ్ళ డబ్బాలు తెచ్చేసరికి ఆయన బ్యాటరీలన్నిటికీ పసుపు ముద్దలు మెత్తి, బొట్లు పెట్టి, పళ్ళెంలో కర్పూరం పెట్టుకుని అగ్గిపెట్టె తీస్తున్నాడు. గ్యాసు బయటపడే దారి మూతల మీది సన్న రంధ్రాలే. అవన్నీ పసుపుతో పూడుకుపోయాయి. లోపల ఛార్జింగ్ నడుస్తూనే ఉంది.

డబ్బాలు కింద పడేసి, ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కొచ్చింది. గోడ బయట ఉన్న మెయిన్ స్విచ్ దించింది.

“ఏమే, పూజకాడ చెయ్యి పట్టి గుంజుతవా?”

“గుంజకపోతే నిన్ను చద్దర్ల చుట్టుకొని పోవాల్సొచ్చేది సేటూ.”

“మా నాయిన కాడ్నుంచి హారతి ఇస్తున్నం గీడ!”

“మీ నాయిన కాలంల గీడ ఉప్పు బస్తాలుండె. ఇప్పుడు గ్యాసుంది. రోడ్డు మీద ఇయ్యి, నేను గూడ మొక్కుత. లోపలికి మాత్రం రాదు.”

పక్క షట్టర్‌లో వెల్డింగ్ చేసే వెంకన్న బయటికి వచ్చాడు. “ఒక్క నిమిషం హారతే గదక్కా, ఇయ్యనియ్యి.”

“నీ షట్టర్ల ఇప్పించుకో. రెండు నిమిషాలు ఇయ్యమను.”

జనం నవ్వారు. ఆ నవ్వే మట్టయ్యకు కారం పూసినట్టయింది. “హారతన్న లోపలికి రావాలె, నువ్వన్న బయటికి పోవాలె. ఏదో ఒకటి చెప్పు!”

“నేనే పోత.”

తడిగుడ్డతో మూతలు తుడిచి, చీపురుపుల్లతో ఒక్కో రంధ్రం తవ్వింది. మొదటి రంధ్రం తెరుచుకోగానే లోపలి గ్యాసు ఉస్సుమంది. గడప దగ్గర నిలబడ్డ మట్టయ్య ఆ చప్పుడు విని రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా పో అన్న నోటితో ఉండు అనలేదు. ఆమె కూడా అడగలేదు. వెంకన్న వచ్చి బ్యాటరీకి రెండో వైపు పట్టాడు. పొద్దు గూకేలోపు షాపంతా రోడ్డు మీదుంది.

బైపాస్ పక్కన మూతబడ్డ రైస్ మిల్లు షెడ్డు ఒకటి ఉంది. దానికి ముందు గోడ లేదు. జల్లు కొడుతుందని ఎవరూ తీసుకోలేదు. గ్యాసు నిలవదని యమున తీసుకుంది. బల్లను వెనక్కి జరిపి, అక్కడే ఛార్జింగ్ మొదలుపెట్టింది. గిరాకీ వెతుక్కుంటూ వచ్చింది, తిట్లు తినడానికి.

చలికాలం వచ్చాక షెడ్డు యజమాని దామోదర్ వచ్చి చూశాడు. “ముందు గోడ కట్టిస్తనమ్మా. చలిగాలి కొట్టకుండ ఉంటది.”

“గోడ కడితే ఖాళీ చేస్త” అంది యమున, తల ఎత్తకుండానే.