అసిమి సంచీ, తమ్ముడి రగ్గూ

మొన్న కువైట్ ఫహాహీల్‌లో పెట్టె జిప్పు బాగుచేయించుకుంటుంటే, దుకాణం ముసలాయన గోడకు తగిలించిన పాత ఊలు సంచి చూపించి ‘ఖుర్జ్’ అన్నాడు. పూర్వం ఒంటె వీపున అటూ ఇటూ వేలాడేదట. మా వైపు ఎద్దు మీద వేస్తే పెరిక, బాటసారి భుజాన వేసుకుంటే అసిమి అని నేనూ అందుకున్నాను. అసిమి అనే మాట బిడారులతో పాటు ఈ ఎడారి మీదుగానే మా దేశం వచ్చిందనీ, దీని మీద పుస్తకం రాశాననీ చెప్పాను. పుస్తకం లేదు. ఆ మాట మా తాతగారి నోట విన్నదే, దాని పుట్టుక నాకు తెలియదు.

ఇదే ఉపన్యాసం కొన్నేళ్ళ కిందట విమానాశ్రయంలోనూ ఇచ్చాను. మహబూలాలో నా గదిలో ఉండే రాయచోటి తమ్ముడు ఇఖామా అనే నివాస అనుమతి రద్దు చేసుకుని శాశ్వతంగా ఇంటికి పోతున్నాడు. ఇక్కడ ఊరికి పోయేవాడి పెట్టె అతనొక్కడిదే కాదు. గదిలో అందరి పొట్లాలూ అందులో ఎక్కుతాయి. బరువు ఎక్కువైతే పోయేవాడు ముందు తన సామానే తీయాలి. నా పొట్లం ఎనిమిది కిలోలు. ఖర్జూరం, పాలపొడి, అత్తర్లు. అన్నీ నన్ను సబ్హాన్ గోదాముకు మేనేజరుననుకునే చుట్టాలకు. నేనక్కడ అట్టపెట్టెలకు చీటీలు అంటించేవాణ్ణి.

తూకం ఎక్కువైంది. తమ్ముడు పెట్టె తెరిచి, వాళ్ళమ్మకు కొన్న రగ్గు బయటికి లాగాడు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, చలికి కీళ్ళు పట్టేస్తున్నాయని ఆ ఒక్కటీ అడిగిందట. నేను పెరిక ఎడ్ల గురించి చెబుతూనే ఉన్నాను. నా అత్తర్లు తీసెయ్యమనాల్సింది.

“మళ్ళీసారి పట్టుకెళ్దువులే తమ్ముడూ” అన్నాను.

“మళ్ళా యాడొచ్చేదన్నా, ఖలాస్ గదా” అని నవ్వాడు. “నీ పొట్లం తీస్తే మీవాళ్ళ కాడ నీ మాట పోతాది. ఇది నువ్వే ఎవురితోనన్నా పంపు.”

పంపుతానన్నాను. గది నుంచి నెలకొకరు ఊరికి పోతూనే ఉన్నారు. ప్రతివాడి పెట్టెలోనూ నా పొట్లమే ఎక్కింది. తమ్ముడు ఫోన్ చేస్తే చోటు దొరకలేదనేవాణ్ణి. దొరికింది. మొదటి చలికి ఆ రగ్గు కప్పుకున్నాను, మెత్తగా ఉంది, అదీ సంగతి.

మూడో చలికాలం తమ్ముడే చెప్పాడు. వాళ్ళమ్మ పోయి నెలయిందట. నన్నొక్క మాటా అనలేదు.

“ఇంక పంపొద్దులే అన్నా, నువ్వే కప్పుకో” అన్నాడు.

ఆ తర్వాత ఫోన్ లేదు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ నేను వాడేసుకున్న కాలం ఆవిడది.